పేరు దక్కని ఏడాది

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప, చిత్తూరు వైపు సాగే దారికి ఒకప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి అని పేరు. రహదారుల నంబర్లన్నీ తిరగరాసినప్పుడు అది 40వ నంబరైంది. ఆ దారిన తిరిగే బండ్ల పలకల మీద కర్నూలు జిల్లా గుర్తుగా ఏపీ 21 ఉండేది. 2019 ఆరంభం నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్నారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాలే ఒక జిల్లా కేంద్రమైంది. ఇన్ని గుర్తులు మారినా ఇక్కడ పాత బండి బేరంలో మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: ఏ సంవత్సరం బండి? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, టైర్లు ఎట్లా ఉన్నాయి అన్నవి ఆ తర్వాతి మాటలు. ఆర్‌సీ మీదున్న సంవత్సరాన్ని మనం మనిషి పుట్టిన ఏడాదిలా ఎవరూ మార్చలేని నిజంగా తీసుకుంటాం. అమెరికాలో అయితే కార్ల కంపెనీలు ఒక్కోసారి ఆ సంవత్సరాన్నే వదిలేస్తాయి. పాత రూపం 2020 మోడల్‌తో ఆగిపోతుంది, కొత్త రూపం 2022 మోడల్‌గా వస్తుంది, 2021 అనే బండి ఎక్కడా ఉండదు. దీన్ని కంపెనీ బద్ధకమనో, ఫ్యాక్టరీ ఏడాది పాటు మూతపడిందనో అనుకోవడం సహజం. చరిత్ర చూస్తే రెండూ సరికావు. బండికి సంవత్సరం పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే ఇక్కడ అసలు విషయం. అమెరికాలో అది చట్టం గీసిన గీతల మధ్య కంపెనీ చేతిలో ఉంది, కాబట్టి కంపెనీ ఒక పేరును వదిలేయగలదు. మన దేశంలో ఆ అధికారం ఫ్యాక్టరీలో బండి తయారైన తేదీది. అందుకని మన దగ్గర ఏ సంవత్సరమూ మాయం కాదు. పాత రూపానికీ కొత్త రూపానికీ మధ్య వచ్చే ఖాళీ, దాని నష్టం మాత్రం పేరు లేకుండానే కొనేవాడి లెక్కలో పడతాయి.

పంచాంగం చూసే అలవాటున్నవారికి ఈ వదిలేయడం కొత్తగా తోచనక్కర లేదు. ఒక తిథి సూర్యోదయం అయ్యాక మొదలై మర్నాటి సూర్యోదయానికి ముందే ముగిసిపోతే దాన్ని క్షయతిథి అంటారు. ఆ తిథి జరగలేదని కాదు, ఆకాశంలో చంద్రుడు తన దారిన నడుస్తూనే ఉన్నాడు. కానీ సూర్యోదయ వేళకు ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు అన్నది నియమం కనుక, ఏ ఉదయాన్నీ అందుకోని ఆ తిథికి తనదంటూ ఒక రోజు దక్కదు. నెలల్లోనూ ఇదే పద్ధతి. 1982-83లో, మన దుందుభి నామ సంవత్సరంలో, ఒక చాంద్రమాసం ఇట్లాగే క్షయమైంది. అమెరికా మోడల్ సంవత్సరంలో సూర్యోదయం స్థానంలో ఉన్నది జనవరి 1. అక్కడి స్వచ్ఛ వాయు చట్టం మోడల్ సంవత్సరానికిచ్చిన నిర్వచనం ప్రకారం, కంపెనీ వార్షిక ఉత్పత్తి కాలంలో ఏ సంవత్సరపు జనవరి 1 పడుతుందో ఆ సంవత్సరమే ఆ బండి పేరు. ఒక ఉత్పత్తి కాలంలో రెండు జనవరి 1లు ఉండకూడదు. అంటే 2022 మోడల్‌ను 2021 జనవరి 2 నుంచే తయారు చేయడం మొదలుపెట్టవచ్చు, 2022 డిసెంబర్ 31 దాకా చేయవచ్చు. పాత రూపపు ఉత్పత్తి 2020 ముగిసేలోపు ఆగి, కొత్త రూపపు ఉత్పత్తి 2021 తొలి వారాల్లో మొదలైతే, 2021 జనవరి 1 ఏ ఉత్పత్తి కాలంలోనూ పడదు. ఫ్యాక్టరీ ఆగింది కొద్ది వారాలే. మాయమైంది మాత్రం ఒక పూర్తి సంవత్సరపు పేరు.

ఈ నియమం చట్టంలోకి రాకముందు అలవాటుగా పెరిగింది. హెన్రీ ఫోర్డ్ 1908లో మొదలుపెట్టిన మోడల్ టీకి ఏటా కొత్త రూపం ఇవ్వాలన్న ఆలోచనే లేదు. ఒకే రూపాన్ని ఇంకా ఇంకా చవగ్గా చేయడమే ఆయన సిద్ధాంతం. 1923లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్ దానికి ఎదురుగా ఏటా కొంత మార్పు అనే పద్ధతిని నిలబెట్టాడు. నిరుటి బండి నిరుటిదిగా కనబడితేనే ఈ ఏటి బండి మీద మనసు పడుతుందని ఆయన లెక్క. 1927 మే నెలాఖరులో కోటీ యాభై లక్షలవ మోడల్ టీ బయటికొచ్చాక ఫోర్డ్ తన ఉత్పత్తిని ఆపేశాడు. కొత్త మోడల్ ఏ జనం ముందుకు వచ్చింది అదే ఏడాది డిసెంబర్ 2న. మధ్యలో ఆరు నెలలు వేలమంది కార్మికులకు పని లేదు, డీలర్ల దగ్గర అమ్మడానికి బండి లేదు. అమ్మకాల్లో మొదటి స్థానం షెవ్రొలేకు పోయింది. పందొమ్మిదేళ్లుగా ముట్టుకోని రూపాన్ని ఒక్కసారిగా మార్చవలసి వస్తే ఎంత ఖర్చవుతుందో పరిశ్రమ మొత్తం ఆ ఆరు నెలల్లో చూసింది. మార్పును ముక్కలు చేసి ఏటా కొంత పంచుకోవడం, పెద్ద మార్పును ముందుగా తేదీ వేసుకుని చేయడం ఆ తర్వాత అందరి పద్ధతీ అయింది.

తేదీ నుంచి పేరు విడిపోవడం ఆ తర్వాతి దశాబ్దంలో జరిగింది. అంతవరకు కొత్త మోడళ్లు ఎక్కువగా జనవరి ప్రదర్శనల్లో వచ్చేవి. మహా మాంద్యం రోజుల్లో, 1930ల మధ్యలో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వ ప్రోత్సాహంతో పరిశ్రమ ఆ ఆవిష్కరణలను శరత్కాలానికి జరిపింది. కార్మికులకు ఏడాదిలో కొన్ని నెలలే పని ఉండి, మిగతా నెలలు ఖాళీగా కూర్చునే పరిస్థితిని కొంత సరిచేయడం దాని ఉద్దేశం. పని దినాల కోసం చేసిన ఆ సర్దుబాటు వల్ల 1935 నవంబర్లో కొన్న బండి 1936 మోడల్ అయింది. రేపటి సంవత్సరపు పేరును ఇవాళే వాడుకోవచ్చని ఒప్పుకున్న తర్వాత, అక్కరలేని పేరును వదిలేయడం ఎంతో దూరం లేదు. యుద్ధం ఆ మాటా రుజువు చేసింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో సామాన్యులకు కార్ల తయారీ ఆగిపోయింది. 1943, 1944, 1945 మోడళ్లు లేనే లేవు. 1946 పేరుతో వచ్చినవాటిలో చాలా భాగం ముందరి గ్రిల్లూ క్రోమ్ పూతా మారిన 1942 బండ్లే. ఇక్కడ వదిలేసిన ఏళ్ల తర్వాత కొత్త రూపం రాలేదని గమనించాలి. సంవత్సరం పేరు మారడమూ బండి రూపం మారడమూ వేర్వేరు సంగతులని ఆనాడే తేలిపోయింది.

అయినా ఉన్న బండినే మరో రెండు మూడు నెలలు 2021 పేరుతో అమ్ముకోవచ్చు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఖర్చులో ఉంది. 1970లో స్వచ్ఛ వాయు చట్టం గట్టిపడిన తర్వాత అమెరికాలో ప్రతి మోడల్ సంవత్సరానికీ పర్యావరణ సంస్థ నుంచి వేరే అర్హతా పత్రం తెచ్చుకోవాలి. కంపెనీ బండ్ల సగటు ఇంధన వాడకం లెక్క కూడా మోడల్ సంవత్సరం వారీగానే సాగుతుంది. ఇంధన చీటీ, ధరల పట్టిక, విడిభాగాల జాబితా, డీలరుకు పంపే పుస్తకం, బీమా కంపెనీల పట్టీ అన్నీ కొత్తగా రాయాలి. 1981 నుంచి అమలైన 17 అక్షరాల గుర్తింపు సంఖ్యలో పదో అక్షరం సంవత్సరానిది. 2020కి ఎల్, 2021కి ఎం, 2022కి ఎన్. కొద్ది వారాల్లో ఆపేయబోయే రూపానికి ఈ తంతు మొత్తం మళ్లీ జరపడం దండగ. హోండా వారి అక్యూరా ఎండీఎక్స్‌నే చూడండి. కొత్త తరం బండి 2021 ఫిబ్రవరి తొలివారంలోనే దుకాణాల్లోకి వచ్చింది, 2022 మోడల్ అనే పేరుతో. ఆ బండ్లలో ఎల్ అక్షరమున్నవి, ఎన్ అక్షరమున్నవి దొరుకుతాయి గాని ఎం అక్షరమున్నవి లేవు. నిస్సాన్ పాత్‌ఫైండర్, సుబారు బీఆర్‌జెడ్ కూడా ఆ ఏడాదిని అట్లాగే దాటాయి. వీటిలో పాత సరుకు తీర్చుకునే వ్యాపార బుద్ధి కూడా ఉంది. డీలరు దగ్గర 2020 బండ్లు మిగిలి ఉండగా అదే రూపాన్ని 2021 అని దింపితే, ఉన్నవి ఒక్క రోజులో ఏడాది ముసలివవుతాయి.

ఇంత లెక్క ఏమీ లేదు, పని ఆలస్యమైతే దాన్ని కప్పిపుచ్చడానికే ఏడాది వదులుతారు అని ఇంకో వాదన వినిపిస్తుంది. దాన్ని పూర్తిగా కొట్టివేయలేం. అందరికీ తెలిసిన ఉదాహరణ షెవ్రొలే కార్వెట్. పాత రూపం 1982 మోడల్‌తో ముగిసింది. కొత్త రూపాన్ని 1983గా తెద్దామనుకుని నలభైకి పైగా పరీక్షా బండ్లు కట్టారు కూడా. పని అనుకున్న వేళకు తెమలక, 1983 వసంతంలో గాని బండి బయటికి రాలేదు. వచ్చేసరికి దాని పేరు 1984 అయింది. ఆ 1983 బండ్లలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే, కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ మ్యూజియంలో ఉంది. మన పంచాంగంలో మాసం క్షయమైన రోజుల్లోనే అక్కడ ఒక మోడల్ సంవత్సరం క్షయమవడం కేవలం కాకతాళీయం, అయినా చెప్పుకోబుద్ధవుతుంది. ఇక్కడ ఆలస్యం నిజం. కానీ కొన్ని నెలల ఆలస్యాన్ని ఏడాది ఖాళీగా చూపించింది పేరు పెట్టే నియమమే. వచ్చే సంవత్సరపు పేరు ఇప్పుడే వాడుకోవచ్చని ఉంది కాబట్టి, ఆలస్యమైన బండి కొనుగోలుదారుడికి ముసలి బండిగా కాక ఏడాది చిన్న బండిగా చేరింది. ఆలస్యం అన్ని దేశాల్లోనూ జరుగుతుంది. దానికి శిక్ష ఎవరికి పడాలో నిర్ణయించేది ఆ నియమం.

మన దేశంలో ఈ ప్రశ్న చాలాకాలం పుట్టనే లేదు, ఎందుకంటే మార్చడానికి రూపమంటూ ఉంటే కదా. అంబాసడర్ 1957లో మొదలై 2014 దాకా వచ్చింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మారినా, ఇరవై ఏళ్ల తేడాతో కొన్న రెండు బండ్లను పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ములని ఎవరైనా పోల్చేవారే. లైసెన్సుల కాలంలో ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వం చెప్పేది, కొనేవాడు ఏళ్ల తరబడి క్యూలో ఉండేవాడు. క్యూలో ఉన్నవాడికి కొత్త రూపం చూపి ఆశపెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. 1980లలో జపాన్ కంపెనీలతో నాలుగు చిన్న లారీల పొత్తులు వచ్చాయి. వాటిలో ఒకటి మనది, హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో పెట్టిన ఫ్యాక్టరీ. అప్పటి విధానం ప్రకారం విదేశీ విడిభాగాలు తగ్గించుకుంటూ స్వదేశీవి పెంచుకుంటూ పోవాలి. అట్లాంటి లెక్కలో ఉన్న కంపెనీ రూపం మారిస్తే స్వదేశీ భాగాల మెట్లు మళ్లీ మొదటినుంచి ఎక్కాలి. కాబట్టి ఒకసారి కుదిరిన రూపాన్ని పట్టుకుని ఉండటమే లాభం. దశాబ్దం తిరక్కుండానే ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతిలోకి వెళ్లింది. రాయలసీమ దారుల్లో 1994 నుంచి తిరిగిన టాటా సుమో కూడా చిన్న చిన్న మార్పులతో 2019 దాకా బతికి, తన పేరుతో వారసుణ్ణి వదలకుండానే పోయింది. పోటీ లేని చోట, ఉన్నా చట్టం తొందరపెట్టని చోట, బండి ఏటా మారదు, అందుకే ఏడాదిని దాటవేయవలసిన అవసరమూ రాదు.

తొందర వచ్చింది కాలుష్య నియమాలతో. మన దగ్గర తయారీ తేదీ ఎంత గట్టిగా నాటుకుందో కూడా అప్పుడే బయటపడింది. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లోని 122వ నియమం ప్రకారం చాసిస్ నంబరు, ఇంజన్ నంబరుతో పాటు తయారైన నెలను కూడా బండి మీద ముద్రించాలి. ఆర్‌సీలోకి ఎక్కేది ఆ నెలా ఆ సంవత్సరమే. బీమా వారు బండి విలువ కట్టే పట్టిక వయసునే చూస్తుంది: ఆరు నెలలలోపు 5 శాతం తరుగు, ఏడాది లోపు 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50. దీని ఫలితం నంద్యాల, ఆళ్లగడ్డ వంటి చోట్ల చాలా నిర్దిష్టంగా పడుతుంది. కేసీ కాలువ కింద వరి కోసి, పత్తి అమ్మి చేతికి డబ్బు వచ్చేది సంవత్సరం చివర్లో. డిసెంబర్లో కొంటే పదిహేను రోజులకే అది నిరుటి బండి అవుతుంది. ఆ సంగతి తెలిసే షోరూములు డిసెంబర్లో ధర తగ్గిస్తాయి. తగ్గించిన కాలమూ ధనుర్మాసమూ ఒకటే కావడంతో చాలా ఇళ్లలో సంక్రాంతి దాటేదాకా కొత్త బండి ఇంటికి తేరు. అమెరికా కొనుగోలుదారుడికి జనవరి 1 అట్లా భయపెట్టే తేదీ కాదు, అతని బండి ముందటి శరత్తులోనే వచ్చే ఏడాది పేరు పెట్టుకుని ఉంటుంది.

మన దగ్గర కూడా రూపం మారే ముందు ఖాళీలు ఉన్నాయి. భారత్ స్టేజ్ నాలుగు నుంచి ఐదుకు పోకుండా నేరుగా ఆరుకు పోవాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించింది. ఒక మెట్టు మొత్తాన్నే దాటేసిన ఆ నిర్ణయానికి గడువు 2020 ఏప్రిల్ 1. గడువు తర్వాత పాతవి తయారు చేయడమే కాదు, అమ్మడం కూడా కుదరదని 2018 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు చెప్పింది. 2017 మార్చి 29న బీఎస్-3 బండ్ల మీద ఇచ్చిన ఉత్తర్వు కంపెనీలకు అప్పటికే ఒక గుణపాఠం. అప్పట్లో అమ్ముడుపోని బీఎస్-3 బండ్లు ఎనిమిది లక్షలకు పైగా ఉన్నాయని పరిశ్రమ కోర్టుకు చెప్పుకుంది. రెండు రోజుల్లో ఎంతకైనా వదిలించుకోవాలని షోరూములు తెగ తగ్గించి అమ్మాయి. ఈ ఒత్తిడిలో మహీంద్రా థార్ పాత రూపం 2020 మార్చితో ఆగింది. కొత్త థార్‌ను ఆగస్టు 15న చూపించి, అక్టోబర్ 2న అమ్మకాలు మొదలుపెట్టారు. అమెరికాలో అయితే దీన్ని 2021 మోడల్ అనేవారు, పాతది 2019తో ముగిసి ఉంటే 2020 అనే థారే ఉండేది కాదు. మన దగ్గర ఆ ఆరు నెలలకు పేరు లేదు. 2020 జనవరిలో తయారైన పాత థార్‌కూ నవంబర్లో తయారైన కొత్త థార్‌కూ ఆర్‌సీ మీద ఒకే సంవత్సరం.

ఆంధ్రలోనే తయారైన బండితో ఈ తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ 2019 ఆగస్టులో అమ్మకానికి వచ్చింది. నంద్యాలలో ఆ ఏడు కొన్నవారికి అది 2019 బండి. అదే పేరు బండి కొరియా నుంచి అమెరికాకు 2020 తొలి నెలల్లో చేరినప్పుడు దాన్ని 2021 మోడల్ అన్నారు. ఇక్కడ 2023 జూలైలో సెల్టోస్ ముఖమూ లోపలి అమరికా మార్చారు. మే నెలలో కొన్నవాడికి పాత ముఖం, ఆగస్టులో కొన్నవాడికి కొత్త ముఖం, ఇద్దరిదీ 2023. కంటితో చూస్తే తేడా తెలుస్తుందిగా అనవచ్చు. తెలుస్తుంది, కానీ అప్పిచ్చే సంస్థ, బీమా పట్టిక మొదట చూసేవి ముఖాన్ని కాదు, కాగితం మీది సంవత్సరాన్ని. అన్నిటికన్నా ముఖ్యం, మే నెలలో కొనేవాడికి రెండు నెలల్లో రూపం మారబోతోందని కాగితం మీద ఏ గుర్తూ చెప్పదు. అమెరికాలో ఒక ఏడాది పేరు మాయమైతే రూపం మారుతోందన్న సంగతి ఆ ఖాళీతోనే ఊరంతా తెలిసిపోతుంది.

మన పద్ధతే నిజాయితీ గలదనే వాదన నాకు బలమైనదిగానే కనిపిస్తుంది. ముద్రించిన నెల అబద్ధమాడదు. రాబోయే సంవత్సరపు పేరును ముందుగా అమ్ముకోవడంలో ఎంతో కొంత మాయ ఉందన్నదీ ఒప్పుకోవాలి. స్లోన్ కాలం నుంచీ ఏటా మార్పు అన్నదే కొత్త కోరిక పుట్టించడానికి పెట్టిన ఏర్పాటు. ట్రాక్టరు ఈ మాటకు మంచి సాక్ష్యం. నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగళ్లలో దున్నేవాడు హార్స్‌పవర్ చూస్తాడు, విడిభాగం ఊళ్లోనే దొరుకుతుందా అని చూస్తాడు. ఒకే రకం ఇరవై ఏళ్లు మారకపోతే అది అతనికి మేలే. 2023 ఆరంభంలో వచ్చిన ట్రాక్టర్ల కొత్త కాలుష్య నియమం కూడా 50 హార్స్‌పవర్ దాటినవాటికే వర్తించింది. మన రైతులు ఎక్కువగా కొనే చిన్న ట్రాక్టర్లు ఉన్న ఇంజన్‌తోనే సాగాయి. కాబట్టి ఏటా రూపం మార్చే అమెరికా అలవాటును తెచ్చుకోమని నేను అనడం లేదు. తయారైన నెల బండి వయసు చెబుతుంది, అది ఏ తరం బండో చెప్పదు. ఆ రెండూ ఒకటేననుకుని బేరమాడటంలోనే మనవాళ్లు నష్టపోతున్నారు.

ఆ తరం తెలియజేసే వివరం మన వ్యవస్థలో లేక కాదు. ప్రతి కొత్త రకం బండికీ అమ్మకానికి ముందు పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ నుంచి ఆమోదం తీసుకోవాలి, పెద్ద మార్పు చేస్తే మళ్లీ తీసుకోవాలి. కాలుష్య నియమపు మెట్టు ఆర్‌సీలోకి ఎక్కినట్టే, ఏ ఆమోదం కింద ఈ బండి తయారైందన్నదీ ఎక్కవచ్చు. అంతవరకు కొనేవారి చేతిలో ఉన్న ఆధారం నెలే, దానికి పాత బేరాల్లో ఇవ్వవలసినంత విలువ మనం ఇవ్వడం లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రెండో దశ వచ్చింది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునే గొట్టాలు, సీళ్లు అప్పటి నుంచి తప్పనిసరయ్యాయి. ఆ పెట్రోలే ఇప్పుడు దేశమంతటా బంకుల్లో పోస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో తయారైన మోటార్ సైకిలూ, మే నెలలో తయారైనదీ బయటికి ఒకే రంగు, ఒకే రూపం, ఆర్‌సీ మీద ఒకే సంవత్సరం. మే బండిలో ఆ గొట్టాలు, సీళ్లు ఉండి తీరాలి. ఫిబ్రవరి బండిలో ఉన్నాయో లేదో కంపెనీని అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే కొన్ని కంపెనీలు గడువుకు ముందే మార్చాయి, మార్చాలని వాటిని అప్పటికింకా ఎవరూ బలవంతపెట్టలేదు.